అతుకు దగ్గర పువ్వు

కిందటి వేసవిలో మా ఊరి సాహిత్య మిత్రుల సమావేశంలో ఒక యువకవయిత్రి తన కవిత చదివింది. ఇటుకబట్టీకి పోయే ఆడకూలీల గురించి రాసిన కవిత. అందులో నాలుగుచోట్ల వేపపూత ప్రసక్తి వచ్చింది. అధ్యక్షస్థానంలో ఉన్న నేను ఆ వేపపూతను తప్పుపట్టాను. "వస్తువు బలమైనదే. కాని ఈ పూలెందుకమ్మా? శ్రమను చెప్పేచోట అలంకారం అడ్డుపడుతుంది" అన్నాను. ఆమె ఒకప్పుడు నా విద్యార్థిని. నాకు ఎదురు చెప్పే అలవాటు లేని పిల్ల. అయినా కాగితం మడిచిపెట్టుకుంటూ, "మాస్టారూ, వేపపూత బట్టీకి పోయేవాళ్ళ నెత్తిమీద కూడా రాలుతుంది గదండీ" అని కూర్చుంది. సభలో నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చిన తరువాత మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు.

ఆ రోజుల్లోనే డెన్మార్క్ దేశపు వెండిపనివాడు గియోర్గ్ యెన్సెన్ చేసిన వస్తువుల ఛాయాచిత్రాలున్న పుస్తకం ఒకటి నా చేతికి వచ్చింది. ఆ వస్తువులను చేతితో పట్టుకుని చూసినవాణ్ణి కాను. బొమ్మలు చూసి, ఆయన జీవితం చదివి ఆలోచించినవాణ్ణి మాత్రమే. ఆ ఆలోచన నేను సభలో అన్న మాటను నాకే ప్రశ్నగా తిప్పింది. అందుకే ఈ వ్యాసం.

సాహిత్య పత్రికలో వెండిగిన్నెల ముచ్చటేమిటని ఎవరైనా అడగవచ్చు. అలంకారమనే మాట మనకూ, నగలు చేసేవానికీ ఉమ్మడి ఆస్తి. శబ్దార్థాలకు అలంకారాలు ఒంటికి హారాల వంటివని మమ్మటుడు చెప్పాడు. హారం ఒంటినుంచి వేరుగా తయారవుతుంది. కావాలంటే పెట్టుకోవచ్చు, తీసివేయవచ్చు. వేపపూత అక్కరలేదని నేను చెప్పినప్పుడు నా మనసులో ఉన్నది ఈ భావమే. పూలు తీసివేసినా కవితకు నష్టం లేదని నేను నమ్మాను. అయితే అంతకు ముందే ఆనందవర్ధనుడు మరొక మాట చెప్పి ఉన్నాడు. ధ్వనికావ్యంలో నిజమైన అలంకారం వేరే ప్రయత్నం అక్కరలేకుండా రసంతోపాటే సిద్ధించేది కావాలన్నాడు. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడాను ఎం.ఏ. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అది నిజంగా బోధపడింది మాత్రం ఒక వెండిగిన్నె బొమ్మ దగ్గర.

యెన్సెన్ 1866లో కోపెన్‌హాగన్‌కు ఉత్తరాన రాద్వాద్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. అక్కడ కత్తుల కార్ఖానా ఉండేది. తండ్రి ఆ కార్ఖానాలో సాన పట్టే పనివాడు. తల్లి పెళ్ళికి ముందు ఇళ్ళల్లో పనిమనిషిగా బతికింది. ఊరి చుట్టూ అడవి. ఒకవైపు సానరాయి రొద, మరొకవైపు చెట్ల ఆకులు. ఈ రెండింటి మధ్యా ఆ పిల్లవాడి బాల్యం గడిచింది. ప్రకృతి వర్ణన తీరికవర్గానికే చెందిన విద్య అని సూత్రీకరించేవారు ఈ విషయాన్ని గమనించాలి. కార్మికుని కొడుక్కి కూడా అడవి ఉంటుంది. దాన్ని చూడటానికి అతనికి దొరికే సమయం మాత్రం తక్కువ.

పద్నాలుగో ఏట ఆ కుర్రవాడు కోపెన్‌హాగన్‌లో ఒక కంసాలి దగ్గర శిష్యరికంలో చేరాడు. మనసు మాత్రం శిల్పం మీద ఉండేది. రాజధానిలోని కళా అకాడమీలో చదివి 1892లో శిల్పిగా బయటికి వచ్చాడు. కాని శిల్పం కూడు పెట్టలేదు. 1897లో భార్య చనిపోయింది. ఇద్దరు పసిపిల్లల బరువు మీద పడింది. పింగాణీ కార్ఖానాలో అచ్చులకు నమూనాలు చేశాడు. ఒక మిత్రునితో కలిసి మట్టిపాత్రలు చేశాడు. 1900 నాటి ప్యారిస్ ప్రదర్శనలో వాటికి మెప్పు దొరికింది గాని బేరం దొరకలేదు. చివరికి 1901లో మొగెన్స్ బల్లిన్ అనే చిత్రకారుని లోహపు పనుల కార్ఖానాలో చేరి, చిన్ననాట నేర్చిన పనికే తిరిగి వచ్చాడు. 1904 ఏప్రిల్‌లో కోపెన్‌హాగన్‌లోని బ్రెడ్‌గాదె వీధిలో సొంత దుకాణం తెరిచేనాటికి ఆయన వయసు ముప్పయి ఏడు. పెద్ద కళ అనుకున్నది చేజారిపోతే చిన్నపని అనుకున్నదానిలో తన పెద్దతనాన్ని వెతుక్కున్న మనిషి ఆయన.

ఆ రోజుల్లో ఐరోపాలో వెండి వస్తువుల తయారీ ఎలా ఉండేదో గుర్తుచేసుకోవాలి. యంత్రాలు వచ్చి రేకును ముద్రల కింద నొక్కి ఒకే నమూనాను వేలకొద్దీ దింపుతున్నాయి. పాత రాజుల కాలం నాటి లతలూ, దండలూ ఏ గిన్నెకు పడితే ఆ గిన్నెకు అతికిస్తున్నారు. దీనిపై తిరుగుబాటు మొదట ఇంగ్లండులో వచ్చింది. రస్కిన్, విలియం మోరిస్ పనివాని చేతికీ బుద్ధికీ తెగిపోయిన సంబంధాన్ని మళ్ళీ కలపాలన్నారు. ఆ గాలి డెన్మార్క్‌కు వచ్చినప్పుడు అక్కడివారు దాన్ని తమ భాషలో 'స్కోన్‌విర్కె' అన్నారు. అందమైన పని అని అర్థం. కళ అనకుండా పని అన్నారు. ఆ మాట నాకు నచ్చింది.

యెన్సెన్ మొదట ఎక్కువగా చేసినవి నగలే. బ్రోచిలు, నడికట్టు బిళ్ళలు, తల దువ్వెనలు, టోపీ పిన్నులు. తూనీగలు, పక్షులు, ఆకులు, మొగ్గలు వాటి మీద రూపుదిద్దుకున్నాయి. బంగారం, వజ్రం జోలికి పోకుండా వెండిలో తృణమణి, చంద్రకాంతం, పగడం, పచ్చని మాలకైట్ వంటి చవక రాళ్ళు పొదిగాడు. పెట్టుబడి లేక అలా మొదలుపెట్టి ఉండవచ్చు. కాని ఆ లేమి నుంచి ఒక విలువ పుట్టింది. మన ఇళ్ళల్లో పెళ్ళికి నగ చేయిస్తే తులాలు తూస్తాం. తరుగు ఎంత, మజూరీ ఎంత అని బేరమాడతాం. బంగారం విలువ ముందు పనివాని చేయి ఎప్పుడూ ఒక ఖర్చుగానే కనిపిస్తుంది. అగ్గువ రాయి పొదిగిన వెండి బ్రోచిలో ఈ లెక్క తారుమారవుతుంది. అక్కడ రాయి విలువ స్వల్పం, లోహం విలువ కొద్ది. కనిపించే విలువంతా పనిదే. శ్రమే విలువకు మూలమనే సత్యాన్ని ఆ బ్రోచి ఏ సిద్ధాంతమూ చెప్పకుండా చూపుతుంది.

ఇక పాత్రల సంగతి. 1905 నాటి తేనీటి కూజా ఒకటుంది. మాగ్నోలియా మొగ్గ పేరుతో ప్రసిద్ధి. గుండ్రటి కడుపు, దాని మీద సాదా వెండి. ఎక్కడా లత పాకలేదు. మూత మీద మాత్రం ఒక మొగ్గ. మూత ఎత్తాలంటే వేళ్ళకు పట్టు కావాలి. ఆ పట్టే మొగ్గ అయింది. 1918 నాటి ద్రాక్షగుత్తుల పళ్ళెం ఇంకా ప్రసిద్ధమైనది. ఎత్తయిన కాడ మీద వెడల్పాటి గిన్నె. గిన్నె లోపలా వెలుపలా నున్నగా ఉంటుంది. కాడ మెలితిరిగి పైకి పోతుంది. కాడ గిన్నెను చేరే తావున, గిన్నె అడుగున, ద్రాక్షగుత్తులు కిందికి వేలాడుతుంటాయి.

ఈ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు ఒక నియమం కనిపించింది. పువ్వు వచ్చేది అతుకు దగ్గర. ఒక భాగం మరొక భాగాన్ని కలిసేచోట, చేయి వస్తువును పట్టేచోట, బరువు ఒకదాని నుంచి మరొకదానికి దిగేచోట. చెట్టు మీద కూడా మొగ్గ వచ్చేది కణుపు దగ్గరే. కాయ వేలాడేది తొడిమ నుంచే. ఆయన ప్రకృతి నుంచి తెచ్చుకున్నది పువ్వు ఆకారం మాత్రమే కాదు, పువ్వు పుట్టే చోటును కూడా. ఆ ద్రాక్షగుత్తులను తీసివేయండి. గిన్నె కింద కాడ దిగ్గొట్టిన మేకులా కనిపిస్తుంది. మమ్మటుని హారాన్ని తీయవచ్చు. ఈ గుత్తిని తీయలేం.

వెండి స్వభావం తెలిస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. శుద్ధమైన వెండి మెత్తన. రాగి కలిపితేనే వాడుకకు నిలుస్తుంది. చదునైన రేకును దాగలి మీద పెట్టి సుత్తితో కొడుతూ, తిప్పుతూ, మళ్ళీ కొడుతూ గిన్నెగా లేపుతారు. దెబ్బలు తిన్నకొద్దీ వెండి బిరుసెక్కుతుంది. ఇంకా కొడితే పగులుతుంది. అందుకని మధ్య మధ్య కాల్చి మెత్తబరచాలి. చివర సన్నని దెబ్బలతో పైభాగాన్ని సాపు చేస్తారు. యెన్సెన్ ఆ చివరి సుత్తి గుర్తులను అద్దంలా అరగదీసి చెరిపివేయలేదు. లీలగా కనిపించేటట్లు వదిలాడు. వెలుగు వాటి మీద పడి ఒకచోట నిలవకుండా, ఎండలో నీటిమీద తిరిగినట్లు తిరుగుతుంది. అచ్చుల సందులలో చేరిన నలుపును కూడా పూర్తిగా తీయలేదు. కూజా మీద పువ్వులేనిచోట ఉన్న అలంకారం అదే. ఆ అలంకారం పని జరిగిందనడానికి సాక్ష్యం.

ఆయనను పొగిడి ఇక్కడితో ఆపితే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మొదటి అభ్యంతరం ప్రకృతి గురించే. ద్రాక్ష ఆనాటి డెన్మార్క్ పొలాల పంట కాదు. అది గ్రీకు, రోమన్ పాత్రల మీద వేల ఏళ్ళుగా పాకుతూ వచ్చిన తీగ. మాగ్నోలియా తూర్పు ఆసియా, అమెరికాల చెట్టు. అంటే రాద్వాద్ అడవిలో చూసినదే ఆయన చెక్కాడని భావుకంగా చెప్పడానికి వీల్లేదు. కొంత చూసిన ప్రకృతి, కొంత వారసత్వంగా వచ్చిన ప్రకృతి. మన ప్రబంధ కవులలోనూ ఈ రెండూ ఉన్నాయి. అష్టాదశ వర్ణనల లెక్క తీర్చడానికి రాసిన ఉద్యానవనాలు ఉన్నాయి. నిజంగా వానలో తడిసి రాసిన పల్లెపట్టులూ ఉన్నాయి. ద్రాక్షగుత్తి విషయంలో యెన్సెన్‌ను కాపాడేది పండు కొత్తదనం కాదు, దాన్ని ఉంచిన చోటు. అరువు తెచ్చుకున్న ప్రతీక కూడా తగినచోట బరువు మోస్తే సొంతమవుతుంది.

రెండవ అభ్యంతరం మన పత్రిక పాఠకులు ఈపాటికే వేసి ఉంటారు. ఈ గిన్నెలో పండ్లు తిన్నది ఎవరు? 1909లో బెర్లిన్‌లో ఆయన వస్తువులకు దుకాణం వెలిసింది. యుద్ధంతో జర్మనీ బేరం దెబ్బతింది. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనకు పంపిన వస్తువులను దాదాపు అన్నింటినీ విలియం రాండాల్ఫ్ హర్స్ట్ కొనివేశాడు. అమెరికాలో రెచ్చగొట్టే పత్రికల వ్యాపారానికి పేరుపడ్డ పెట్టుబడిదారు ఆయన. తరువాత ప్యారిస్, లండన్, 1924లో న్యూయార్క్. ఆ 1924లోనే డెన్మార్క్‌లో మొదటి సోషల్ డెమోక్రాటిక్ ప్రభుత్వం ఏర్పడింది. కార్మికుల ఓట్లు ప్రభుత్వాన్ని నిలిపిన సంవత్సరంలోనే కార్మికుని కొడుకు చేసిన వెండి న్యూయార్క్ ధనికుల భోజనపు బల్లలకు కొత్త దారి వేసుకుంది. పైగా చాలా కూజాలకు చేతికి వేడి తగలకుండా పెట్టిన పిడి ఏనుగు దంతం. ఆ దంతం వలసల అడవులనుంచి ఓడలెక్కి వచ్చిన సరుకని మరచిపోయి పిడి నునుపును మెచ్చుకోలేం.

ఈ వైరుధ్యం యెన్సెన్ ఒక్కనిది కాదు. సోషలిస్టుగా వీధుల్లో ఉపన్యసించిన మోరిస్ కూడా తన శ్రమంతా ధనికుల విలాసానికే ఖర్చవుతున్నదని మథనపడ్డాడు. చేతిపనికి సమయం పడుతుంది. ఆ సమయానికి న్యాయమైన కూలి కడితే వస్తువు ఖరీదవుతుంది. ఖరీదైన వస్తువు పనివాని ఇంటికి చేరదు. పెట్టుబడిదారీ సమాజంలో ఈ ముడిని ఒక్క కళాకారుడు తన సుత్తితో విప్పలేడు. విప్పలేకపోయాడని తప్పుపట్టవచ్చునా? ముడి లేనట్లు నటిస్తే తప్పుపట్టాలి. వస్తువులోని నిజాయితీని కొనుగోలుదారుని ఖాతాలో మాత్రం వేయకూడదు.

మూడవది పేర్ల సంగతి. 1904లో చిన్న దుకాణంగా మొదలైన పని 1920ల నాటికి వందల చేతుల కార్ఖానా అయింది. యెన్సెన్ పేరుతో వచ్చినవన్నీ యెన్సెన్ గీసినవి కావు. ఓక్ కాయ ఆకారంతో పిడి తీర్చిన చెంచాలూ, కత్తులూ యోహాన్ రోద అనే చిత్రకారుడు 1915లో రూపొందించాడు. ఇంటి పేరు కింద ఆ రూపకర్తల పేర్లు కూడా చెప్పడం ఆనాటికి మెచ్చదగిన మర్యాద. అదే రోద 1920లో ఒక నీళ్ళ కూజాకు నమూనా గీశాడు. దాని మీద ఆకు లేదు, పువ్వు లేదు, కాయ లేదు. ఒంపే ఉంది. జనం ఇంత సాదాతనాన్ని మెచ్చరేమోనని ఆ కూజాను 1925 దాకా తయారీకి దింపలేదట. అతుకు తానే ఒంపులో కలిసిపోయినప్పుడు పువ్వుతో పని లేదు. పువ్వు పెట్టడం తెలిసిన కార్ఖానా పువ్వు మానడం కూడా నేర్చుకుంది. కాని ఆ ఒంపును రేకులోంచి లేపిన సుత్తివాని పేరో? గీసినవాని పేరు నిలిచింది. కొట్టినవాని పేరు పోయింది. మన దేవుళ్ళ వెండి తొడుగులు చేసిన కంసాలుల పేర్లెన్ని మనకు తెలుసు? దాతల పేర్లు మాత్రం అచ్చంగా చెక్కి ఉంటాయి.

యెన్సెన్‌కు కూడా ఆ న్యాయం కొంత తగిలింది. పెట్టుబడి పెరిగినకొద్దీ యాజమాన్యం ఆయన చేతినుంచి జారింది. 1920ల మధ్యలో ప్యారిస్ పోయి వేరే కార్ఖానా పెట్టుకున్నాడు. 1926లో తిరిగి వచ్చి, తన పేరున్న కంపెనీలో పనిచేశాడు. 1935లో చనిపోయాడు. ఆ పేరు తరువాత చేతులు మారుతూ మారుతూ 2023లో ఫిన్లండ్‌కు చెందిన ఫిస్కార్స్ కంపెనీ కొనుగోలులోకి చేరింది. పనివాడు పోతాడు, పేరు సరుకవుతుంది.

అయినా నగకు విలాసం తప్ప మరో గతి లేదని తీర్పు చెప్పేముందు ఇంకొక సంఘటన చూడాలి. 1940 ఏప్రిల్ 9న హిట్లర్ సేనలు డెన్మార్క్‌ను ఆక్రమించాయి. ఆ సెప్టెంబరులో డేనిష్ రాజుకు డెబ్బయ్యో పుట్టినరోజు. యెన్సెన్ కార్ఖానా రాజు పేరు పొడి అక్షరాలతో ఒక చిన్న వెండి బిళ్ళను తెచ్చింది. రూపొందించినవాడు ఆర్నో మాలినోవ్‌స్కీ. మోకాళ్ళ మీద ఒదిగిన జింకపిల్లల బ్రోచిలకు పేరుపడ్డ కళాకారుడు. జనం ఆ బిళ్ళను కోటుకు పెట్టుకుని వీధుల్లో తిరిగారు. ఆక్రమణదారుల ముందు నోరు మెదపకుండానే మేము మీవాళ్ళం కామని చెప్పారు. అది రాజు బిళ్ళ. అందులో సామ్యవాదం ఏదీ లేదని నాకు తెలుసు. అయినా ఆ వెండి ఆనాడు ఆభరణంగా మిగల్లేదు, మాట అయింది. అలంకారానికి అర్థం దాని ఆకారంలోనే స్థిరపడి ఉండదు. ఎవరి గుండె మీద, ఏ రోజున, ఎవరి ఎదుట ఉన్నదనేది ఆ అర్థాన్ని నిర్ణయిస్తుంది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. భావకవిత్వపు పూలతోటల మీద మన ముందుతరం చేసిన విమర్శ న్యాయమైనది. ఆకలి కనిపించకుండా అడ్డంగా పరచిన పూలను వాళ్ళు లాగివేశారు. కాని ఒక కాలపు అవసరాన్ని మనలో కొందరం శాశ్వత సూత్రం చేసుకున్నాం. పువ్వు కనిపిస్తే చాలు, కలం ఎర్రసిరాలో ముంచుతున్నాం. అలా చేసినవారిలో నేనూ ఒకణ్ణి. దీనివల్ల నష్టపోతున్నది పువ్వు కాదు, మన కవిత్వం. శ్రామికుని జీవితంలో చెమట మాత్రమే ఉంటుందనీ, చెట్టు, వెన్నెల, పిట్ట అతనికి చెందవనీ మనమే ఒప్పుకున్నట్లవుతుంది. భూమిని పంచుకోవాలనేవాళ్ళం భూమి మీది అందాన్ని మాత్రం దొరలకే ఎందుకు వదలాలి?

అయితే ప్రతి పువ్వుకూ ప్రవేశపత్రం ఇవ్వమని నేను చెప్పడం లేదు. వెండిగిన్నె దగ్గర నేర్చుకున్న పరీక్ష ఒకటుంది. కవితలో పువ్వు ఎక్కడ వచ్చింది? రెండు అనుభవాలు కలిసేచోట, ఒక పాదం బరువు మరొక పాదానికి దిగేచోట వచ్చిందా? తీసివేస్తే ఏదైనా ఊడిపోతుందా? ఊడిపోతే అది ఉండవలసిన పువ్వు. ఊడకపోతే అది హారం, తీసి పక్కన పెట్టవచ్చు. సుత్తి దెబ్బల గుర్తు, అంటే జీవితంలో నుంచి వచ్చిన గరుకు, దాని మీద మిగిలి ఉందా? ఇదీ చూడాలి.

ఈ పరీక్షతో ఆ అమ్మాయి కవితను మళ్ళీ చదివాను. ప్రతిని అడిగి తెప్పించుకున్నాను. నాలుగుచోట్ల వచ్చిన వేపపూతలో రెండు చోట్ల అది హారమే. తీసివేసినా నష్టం లేదు. ఒకచోట సందేహం. నాలుగవచోట మాత్రం, పొద్దున బట్టీకి పోయేటప్పుడు తలమీద రాలిన పూతను సాయంత్రం ఇటుకపొడితోపాటు బిడ్డ తల్లి జుట్టులోంచి ఏరుతుంది. ఇల్లూ బట్టీ కలిసే అతుకు అదే. ఆ పూత లేకపోతే ఆ బిడ్డ చేతికి కవితలో చోటే లేదు. నేను సభలో తీసివేయమన్నవాటిలో అదీ ఉంది.

ఆమెకు ఉత్తరం రాశాను. రెండు పూలు తీయమన్నాను, ఒకదాని గురించి ఆలోచించమన్నాను, నాలుగవదాని విషయంలో నాదే పొరపాటన్నాను. సభలో చెప్పిన తప్పుమాటను ఉత్తరంలో దిద్దుకుంటే సరిపోదు. అందుకే నలుగురూ చదివే ఈ పత్రికలో కూడా రాస్తున్నాను.